ఆయిలు కారని ఆస్టిన్ సెవెన్: ఒక 1926 చమ్మీ మరమ్మతు కేసు

బండి ఆస్టిన్ సెవెన్ టూరర్. ఇంగ్లండ్‌లో అందరూ ముద్దుగా ‘చమ్మీ’ అనే నాలుగు సీట్ల ఓపెన్ టాపు బండి. 1926 తయారీ. 747 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజన్, మాగ్నెటో ఇగ్నిషన్ (బ్యాటరీ లేకుండా తానే స్పార్కు పుట్టించే యంత్రం), మూడు గేర్లు. కొన్నేళ్ళ కిందట ఎవరో మొత్తం విప్పి మళ్ళీ కట్టారు. పెయింటు, రేడియేటరు మీది నికెల్ పూత, టాపు గుడ్డ అన్నీ మెరుస్తున్నాయి. రాత్రంతా కింద కాగితం పరిచి ఉంచినా ఒక్క ఆయిలు చుక్క పడదు. ఈ తరం ఆస్టిన్ సెవెన్ విషయంలో అనుమానం మొదలవ్వాల్సింది సరిగ్గా అక్కడే.

ఫిర్యాదులు ఐదు. అరగంట నడిచాక ఇంజన్ ఆగిపోతుంది, చల్లారితే గానీ మళ్ళీ అందుకోదు. ఐడిలింగ్‌లో కింద నుంచి టకటక చప్పుడు వస్తుంది. క్లచ్ ఒకసారి జారుతుంది, మరోసారి గుంజుతుంది. బ్రేకులు ఉన్నాయంటే ఉన్నాయి. స్టీరింగ్ తిన్నగా నిలవదు, రోడ్డు మీద బండి అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది. చప్పుడు ‘బిగ్ ఎండ్’ (పిస్టన్ కడ్డీ క్రాంక్‌షాఫ్టును పట్టుకునే బేరింగు)దని, ఇంజన్ మొత్తం దించాలని అంతకు ముందే ఒక తీర్పు వచ్చేసింది. అది తప్పు తీర్పు.

బండి ఇలా ఎందుకు పుట్టింది

మరమ్మతుకు ముందు కాస్త చరిత్ర కావాలి. ఈ బండిలో లోపంగా కనిపించేవాటిలో సగం, అప్పటి లెక్కల ఫలితాలే.

1921 నుంచి బ్రిటన్‌లో కార్ల రోడ్డు పన్ను హార్స్‌పవర్‌కు ఒక పౌండు చొప్పున ఉండేది. ఆ హార్స్‌పవర్ ఇంజన్ నిజంగా ఇచ్చే బలం కాదు, ఒక సూత్రం: సిలిండరు వ్యాసాన్ని అంగుళాల్లో వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో హెచ్చించి, 2.5తో భాగించాలి. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, లెక్కలోకే రాదు. అందుకే ఆనాటి బ్రిటిష్ ఇంజన్లు చాలావరకు సన్నటి బోరుతో (సిలిండరు వ్యాసంతో) పొడవాటి స్ట్రోకుతో ఉంటాయి. సెవెన్ బోరు 2.2 అంగుళాలు, స్ట్రోకు 3 అంగుళాలు. సూత్రంలో పెడితే 7.7 పైచిలుకు వస్తుంది. పన్ను 8 పౌండ్లు. అసలు బలం మాత్రం 2,400 ఆర్‌పీఎం దగ్గర పదిన్నర హార్స్‌పవర్.

ఆ రోజుల్లో ఆస్టిన్ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయి ఉంది. ఈ బుల్లి బండి మీద బోర్డుకు నమ్మకం కుదరలేదు. హెర్బర్ట్ ఆస్టిన్ పద్దెనిమిదేళ్ళ డ్రాఫ్ట్స్‌మన్ స్టాన్లీ ఎడ్జ్‌ను లికీ గ్రేంజ్‌లోని తన ఇంటికి పిలిపించుకుని, బిలియర్డ్స్ గదిలో కూర్చోబెట్టి డ్రాయింగులు గీయించాడు. ఖర్చు తనే పెట్టుకున్నాడు, బదులుగా ప్రతి బండికీ రెండు గినీల (గినీ అంటే 21 షిల్లింగులు) రాయల్టీ పుచ్చుకున్నాడు. 1922లో బండి బయటికొచ్చింది, ధర 165 పౌండ్లు. సైడ్‌కారు తగిలించిన మోటార్‌సైకిల్ మీద భార్యాబిడ్డలను తిప్పుతున్నవాడికి అదే డబ్బుతో నాలుగు చక్రాలు, నాలుగు సిలిండర్లు, నాలుగు చక్రాలకూ బ్రేకులు ఉన్న అసలైన కారు దొరికింది. 1939 వరకు అన్ని రకాలూ కలిపి దాదాపు 2,90,000 బండ్లు తయారయ్యాయి. జర్మనీలో ఇదే బండిని లైసెన్సు మీద డిక్సీ పేరుతో కట్టారు. 1928లో ఆ ఫ్యాక్టరీని కొన్న బీఎండబ్ల్యూకు కార్ల వ్యాపారంలో అదే తొలి అడుగు. యుద్ధం తర్వాత, లోటస్ కంపెనీని పెట్టిన కాలిన్ చాప్‌మన్ కట్టిన మొదటి పోటీ బండికి ఆధారం కూడా పాత సెవెనే.

165 పౌండ్లలో ఇమడాలి, పన్ను 8 పౌండ్లు దాటకూడదు, బరువు 360 కిలోల ప్రాంతంలో ఉండాలి. అందుకే క్రాంక్‌షాఫ్టుకు ముందొకటి వెనకొకటి రెండే బేరింగులు, మధ్యలో ఆధారం లేదు. నీళ్ళ పంపు లేదు. వేడి నీరు పైకెక్కి చల్లటి నీరు దిగే థర్మోసైఫనే కూలింగ్. పెట్రోలు పంపు లేదు. బానెట్ కింద స్కటిల్ (డ్యాష్‌బోర్డు ముందు భాగం) మీదున్న ట్యాంకు నుంచి పెట్రోలు తనంతట తానే దిగుతుంది. బిగ్ ఎండ్‌లకు ప్రెషరుతో ఆయిలు పోదు. క్రాంక్‌కేస్‌లోని రెండు జెట్‌లు చిమ్మే ఆయిలును తిరుగుతున్న క్రాంకు పట్టుకుని, ఆ తిరుగుడు వేగంతోనే జర్నళ్ళకు (బేరింగులు పట్టే మెడలకు) పంపుకుంటుంది. క్రాంకు వెనక భాగంలో ఇప్పటి అర్థంలో ఆయిల్ సీల్ అనేదే లేదు.

మాగ్నెటో

ముందు తేలింది ఇదే. బండి ఆగిపోగానే ప్లగ్ తీసి చూస్తే స్పార్కు లేదు. చల్లారాక నీలంగా, బలంగా వచ్చింది. వేడెక్కితే చచ్చి చల్లారితే బతికే మాగ్నెటోలో దోషం దాదాపు ఎప్పుడూ రెండు చోట్లే: పాతబడిన కండెన్సరు, లేదా ఆర్మేచర్ చుట్టలో మెత్తబడిన షెల్లాక్ (లక్క వార్నిష్). పాయింట్లు గీకడం, ప్లగ్‌లు మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. మాగ్నెటోను విప్పి, 60–70 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచి, అదే వేడి మీద బెంచీ మీద తిప్పి చూడాలి. అయిదు మిల్లీమీటర్ల ఖాళీని స్పార్కు దాటలేకపోతే ఆర్మేచర్‌ను రీవైండింగుకు పంపాలి. కొత్త చుట్టకు షెల్లాక్ బదులు ఎపాక్సీ, పాత కండెన్సరు స్థానంలో కొత్తది. అయస్కాంతానికి కూడా మళ్ళీ బలం ఎక్కించాలి.

తిరిగి బిగించేటప్పుడు పాయింట్ల ఖాళీ 12 థౌలు. అంటే అంగుళంలో వెయ్యికి 12 వంతులు. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2. లీవరు పూర్తిగా రిటార్డ్‌లో (స్పార్కు ఆలస్యంగా వచ్చే స్థితిలో) ఉండగా, ఒకటో పిస్టన్ పైకొచ్చే సమయానికి పాయింట్లు అప్పుడే విడిపోతూ ఉండాలి. పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి లాగుతూ ఉంటే, అది జారిన క్షణమే ఆ చోటు. ఈ బండికి అడ్వాన్స్ (స్పార్కును ముందుకు జరపడం) స్టీరింగ్ దగ్గరి చేతి లీవరుతోనే. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవాళ్ళు రిటార్డ్ మరిచిపోతే మణికట్టు గుర్తు చేస్తుంది.

చప్పుడు

బిగ్ ఎండ్ చప్పుడును ఇతర చప్పుళ్ళ నుంచి విడదీయడానికి ఇంజన్ దించక్కర్లేదు. ఐడిలింగ్‌లో ఒక్కో ప్లగ్‌నూ స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసి చూడాలి. పిడి ప్లాస్టిక్‌దో కర్రదో అయ్యుండాలి. దోషమున్న బిగ్ ఎండ్ అయితే ఆ సిలిండరు మీద బరువు తగ్గగానే చప్పుడు మారుతుంది. ఇక్కడ నాలుగూ షార్ట్ చేసి చూసినా చప్పుడులో తేడా లేదు. యాక్సిలరేటర్ నొక్కితే మాయమవుతుంది, ఐడిలింగ్‌కు రాగానే మళ్ళీ వస్తుంది, ఇంజన్ ఆపేటప్పుడు చివరి రెండు చుట్లలో ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఇది టేపరు (కొనవైపు సన్నబడే షాఫ్టు చివర) మీద వదులైన ఫ్లైవీల్ లక్షణం.

గేరుబాక్సు వెనక్కి తీసి చూస్తే అదే. సెవెన్ ఫ్లైవీల్ క్రాంకు చివరి టేపరు మీద, ఒక కీతో (గాడిలో కూర్చునే ఇనుప బిళ్ళతో), ఒకే పెద్ద నట్టుతో నిలుస్తుంది. పని చేయాల్సింది టేపరు పట్టు. కీ సరైన స్థానం చూపడానికే గానీ బలం మోయడానికి కాదు. ఇక్కడ బిగించినవారు కొలవకుండా మందమైన కీ పెట్టారు. కీ నెత్తి ఫ్లైవీల్ గాడి అడుగుకు తగిలి, టేపరు పూర్తిగా కూర్చోనే లేదు. నట్టు ఎంత బిగించినా లాభం లేదు, అది బిగిసింది కీ మీద. ఇలాగే నడిపితే ముందు కీ తెగుతుంది, తర్వాత టేపరు గీతలు పడుతుంది. అప్పుడిక క్రాంకే మార్చాలి.

పని ఇలా సాగింది. పుల్లరుతో ఫ్లైవీల్ తీయాలి. అంచు మీద సుత్తితో కొట్టకూడదు. కీ తీసేసి, టేపరు మీద సన్నరకం గ్రైండింగ్ పేస్టు రాసి, ఫ్లైవీల్‌ను చేత్తో పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ, మధ్యమధ్య ఎత్తి స్థానం మారుస్తూ అరగదీయాలి. పేస్టు వెనక బేరింగులోకి పోకుండా గుడ్డ చుట్టాలి. ఈ ఒక్క జాగ్రత్త మరిచి ఇంజన్లు పాడుచేసుకున్నవాళ్ళు చాలామంది. పేస్టు పూర్తిగా కడిగి, నీలం రంగు పూసి చూస్తే టేపరు చుట్టూ తెగకుండా మచ్చ పడాలి, ముఖ్యంగా పెద్ద వ్యాసం వైపు. తర్వాత కీని పక్కలు బిగువుగా, నెత్తి మీద స్పష్టమైన ఖాళీతో కూర్చోబెట్టాలి. పొడిగా, ఒక్క ఆయిలు తడి లేకుండా బిగించాలి. ఫ్లైవీల్ అంచు మీద డయల్ గేజి పెట్టి తిప్పి, వంకర అయిదు థౌల లోపు ఉందో లేదో చూసుకున్నాకే లాక్ వాషర్ మడవాలి.

ఇంజన్ ఇంత విప్పాక క్రాంకును వదిలేయడం తెలివి కాదు. ఈ కాలపు సెవెన్‌లో ఉండేది సన్నటి 1⅛ అంగుళాల క్రాంకు. మధ్య బేరింగు లేదు కాబట్టి వేగంగా తిప్పినప్పుడు విల్లులా వంగుతుంది, జర్నలు వెబ్‌ను (క్రాంకు చేతిని) కలిసే మూల దగ్గర పగులు మొదలవుతుంది. మాగ్నెటిక్ పరీక్షలో ఈ క్రాంకు పగులు లేకుండా తేలింది. బిగ్ ఎండ్ తెల్ల లోహం కూడా బాగుంది. పగులు ఉంటే రాజీ లేకుండా కొత్త క్రాంకు వేయాల్సిందే.

కారాల్సిన చుక్క

క్లచ్ జారడానికి కారణం చూడగానే తెలిసింది. లైనింగులు ఆయిల్లో నానిపోయి ఉన్నాయి. వెనక బేరింగు దాటి వచ్చే ఆయిలును క్రాంకు మీది ఏర్పాటు చాలావరకు వెనక్కి తోస్తుంది. మిగిలింది క్లచ్ హౌసింగ్ అడుగున ఉన్న రంధ్రం గుండా రోడ్డు మీదికి పోవాలి. ఆ రంధ్రంలో వదులుగా ఒక స్ప్లిట్ పిన్ వేలాడుతుంది. బండి అదురుకు అది కదులుతూ రంధ్రం మూసుకుపోకుండా చూస్తుంది. ఈ బండిలో పిన్ లేదు. రంధ్రాన్ని సీలెంటుతో మూసి, పైన పెయింటు వేశారు. గరాజు నేల శుభ్రంగా ఉంది, క్లచ్ మునిగింది.

రంధ్రం తెరిచి కొత్త పిన్ వేశాం. ఆయిలు మట్టం డిప్‌స్టిక్ గుర్తుకు పైన ఉంది, తగ్గించాం. ఎక్కువ పోస్తే క్రాంకు దాన్ని చిలికి వెనక్కి తోస్తుంది. ఆయిలు ఎస్‌ఏఈ 30 చాలు. ఇప్పటి కార్లలో పోసే నీళ్ళలాంటి పలచటి ఆయిలు దీనికి పనికిరాదు. ఫిల్టరు పేరుకు సంపులో ఉన్న జాలీ ఒక్కటే కాబట్టి వెయ్యి మైళ్ళ లోపే ఆయిలు మార్చాలి. క్రాంక్‌కేస్ పక్క ప్లగ్‌లు విప్పి రెండు జెట్‌లలోనూ సన్నటి తీగ ఆడించాలి. జెట్ మూసుకుపోతే గేజి మీద ప్రెషరు పెరిగినట్టు కనిపిస్తుంది, బిగ్ ఎండ్‌కు మాత్రం చుక్క అందదు. వేడెక్కాక ఈ ఇంజన్ రెండు పౌండ్ల ప్రెషరు చూపిస్తే కంగారు పడాల్సిన పని లేదు. పని చేసేది ప్రెషరు కాదు, జెట్ నుంచి చిమ్మే ధార.

క్లచ్‌కు కొత్త లైనింగులు వేసి, రివెట్ల తలలు ఉపరితలానికి లోపలే ఉండేలా చూసి, విడదీసే లీవర్లు మూడింటినీ ఒకే ఎత్తుకు తెచ్చాం. లీవర్లలో ఒకటి ఎత్తుగా ఉంటే ప్లేటు వంకరగా విడుస్తుంది, బండి గుంజుతుంది. అంతా సరిగ్గా ఉన్నా సెవెన్ క్లచ్ పెడల్ ప్రయాణం అంగుళానికి అటూ ఇటూనే. దాన్ని సగంలో పట్టి నడిపే అలవాటు ఉన్నవాళ్ళు ఈ బండిని ఎప్పటికీ తిడుతూనే ఉంటారు. ఇంజన్‌ను నిదానంగా ఐడిలింగ్‌లో ఉంచి, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ వదలాలి. బండి కదిలాకే కాలు నొక్కాలి. 360 కిలోల బండిని కదపడానికి ఐడిలింగ్ బలం చాలు.

బ్రేకులు

ఈ ఏడాది బండిలో కాలి పెడల్ వెనక చక్రాలకు, చేతి లీవరు ముందు చక్రాలకు. రెండూ కలిసింది 1930లో. కాలు మాత్రమే వాడి ‘బ్రేకులు లేవు’ అనేవాళ్ళు సగం బ్రేకులను మరిచిపోతున్నారు. చెయ్యీ కాలూ ఒకేసారి పని చేయాలి. డ్రమ్ములు ఆరంగుళాలవి, అన్నీ కేబుళ్ళే.

విప్పేటప్పుడు మొదటి జాగ్రత్త: పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టి దుమ్ము లేపొద్దు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి.

వెనక డ్రమ్ముల్లోనూ ఆయిలే. యాక్సిల్‌లో లెవెల్ దాటించి పోశారు, అది యాక్సిల్ గొట్టం వెంబడి హబ్‌లలోకి వచ్చింది. మట్టం సరిచేసి, సీళ్ళు మార్చి, లైనింగులు కొత్తవి వేయాల్సి వచ్చింది. ఆయిలు పీల్చిన లైనింగును కాల్చి, కడిగి తిరిగి వాడే ప్రయత్నాలు వృథా. ముందు వైపు దోషం వేరు. అరిగిన లైనింగుల ఖాళీని ప్రతిసారీ కేబుల్ బిగించే సరిపెట్టుకుంటూ వచ్చారు. దాంతో బ్రేకు వదిలేసినప్పుడే కామ్ సగం తిరిగి ఉంది. గట్టిగా లాగితే లీవరు కేబుల్‌తో లంబకోణం దాటిపోతుంది, లాగుడు పెరిగేకొద్దీ పట్టు తగ్గుతుంది. లీవరూ కేబులూ లంబకోణంలోకి రావాల్సింది బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు. కేబుల్ పూర్తిగా వదులు చేసి, సరైన మందం లైనింగులతో, డ్రమ్ములు గుండ్రంగా చెక్కించి, కామ్ అడ్డంగా పడుకున్న స్థితి నుంచి మొదలుపెట్టి అమర్చాం.

ఇంకొకటి చాలామంది చూడరు. ముందు యాక్సిల్‌ను పట్టి ఉంచేవి రెండు రేడియస్ కడ్డీలు. అవి వెనక్కి వచ్చి చాసిస్ మధ్యలో ఒక బంతి కీలు దగ్గర కలుస్తాయి. ఆ కీలు వదులైతే బ్రేకు వేసినప్పుడు యాక్సిలే కాస్త మెలితిరుగుతుంది, కేబుల్ బిగువు మారిపోతుంది. ఇక్కడ అది చేత్తో ఊపితేనే కదిలింది.

స్టీరింగ్

తిన్నగా పోని బండికి స్టీరింగ్ బాక్సు బిగించడం మొదటి తప్పు. ఇక్కడ అదే చేశారు. వార్మ్ (మర లాంటి గేరు), దాని చక్రం మధ్య పళ్ళ దగ్గరే ఎక్కువ అరుగుతాయి. మధ్యలో ప్లే పోయేదాకా బిగిస్తే పక్కలకు తిప్పినప్పుడు పట్టేస్తుంది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, డ్రైవరు తెస్తూనే ఉండాలి. సెవెన్ బాక్సులో ఉన్నది పూర్తి చక్రం కాబట్టి విప్పి పావు చుట్టు తిప్పి, అరగని పళ్ళను మధ్యకు తెచ్చుకునే వీలుంది. ఆ తర్వాత కింగ్ పిన్ బుష్‌లు, ట్రాక్ రాడ్ కీళ్ళు, ముందు అడ్డ కమాను షాకిల్ పిన్నులు. ఇవన్నీ సరిచేశాకే బాక్సు బిగుతు జోలికి వెళ్ళాలి.

అయినా ఒక గుణం మిగులుతుంది. చాసిస్ వెనక నుంచి పొడుచుకొచ్చిన పావు కమాన్ల మీద వెనక యాక్సిల్ వేలాడుతుంది. మలుపులో బండి ఒరిగితే యాక్సిల్ కూడా కాస్త పక్కకు తిరుగుతుంది, వెనక చక్రాలు కూడా స్టీరింగ్ చేస్తున్నట్టే ఉంటుంది. స్టీరింగ్ తిప్పి మళ్ళీ సవరించడం కాకుండా, ఒక్కసారి తిప్పి పట్టుకుంటే బండి కుదురుగా పోతుంది.

బాడీ గురించి రెండు మాటలు

యాష్ కర్ర చట్రం మీద అల్యూమినియం రేకు. తలుపు స్తంభాల అడుగుభాగాలు, నేల అంచు కర్రలు ముందు చీకుతాయి. చాసిస్ రోడ్డు మీద మెలితిరిగే రకం. బాడీ బోల్టుల కింద మెత్త లేకుండా బిగిస్తే రేకు పగులుతుంది, తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఈ బండికి అది బాగానే చేశారు, ఒప్పుకోవాలి.

యుద్ధం తర్వాత వేల చమ్మీల బాడీలు పీకేసి చాసిస్‌లను రేసు స్పెషల్స్‌గా మార్చారు. 1939లో పుట్టిన 750 మోటార్ క్లబ్ చుట్టూ ఆ సందడి నడిచింది. అందుకే అసలు టూరర్ బాడీ ఇప్పుడు అరుదు, కొత్తగా కట్టిన చమ్మీ బాడీ కింద పాత చాసిస్ ఉన్న బండ్లు మార్కెట్లో చాలా ఉన్నాయి. తప్పేం లేదు, ధర మాత్రం ఒకటి కాకూడదు. కొనేముందు చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, కాగితాల్లో ఉన్న నంబర్లు పక్కపక్కన పెట్టి చూడాలి. బ్రిటన్‌లో నలభై ఏళ్ళు దాటిన బండికి, పెద్ద మార్పులు చేయనంత వరకు, రోడ్డు పన్నూ, బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో చూసే ఏటేటా ఎంఓటీ పరీక్షా రెండూ లేవు. పన్ను తప్పించుకోవడానికి పుట్టిన బండికి చివరికి పన్నే లేకుండా పోయింది. పరీక్ష లేదంటే బ్రేకులు ఎవరూ చూడటం లేదనే అర్థం, కాబట్టి అమ్మేవాళ్ళ మాట మీద నడపొద్దు.

రోడ్డు మీద

మరమ్మతు తర్వాత బండి వేడి మీద ఆగలేదు, చప్పుడు లేదు, చెయ్యీ కాలూ కలిపితే తిన్నగా ఆగుతోంది. గంటకు 40 మైళ్ళ దగ్గర, 4.9 నిష్పత్తి యాక్సిల్, 26 అంగుళాల చక్రంతో ఇంజన్ సుమారు 2,500 తిరుగుతుంది. రెండు బేరింగుల క్రాంకుకు రోజంతా అంతకు మించి పని చెప్పకూడదు. రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య అగాధం ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు దిగిపోతున్న వేగాన్ని ముందే పసిగట్టి, క్లచ్ రెండుసార్లు నొక్కుతూ మధ్యలో ఇంజన్ లేపి గేరు దించాలి. గేర్ల వేగాలను సర్దే సింక్రోమెష్ లేదు కాబట్టి తప్పితే గేరుబాక్సే చెబుతుంది. బండి మీద మోజు పడేవాళ్ళకు ఈ పనే అసలు సుఖం. ముప్ఫై మైళ్ళ వేగం కూడా చాలా వేగంగా అనిపిస్తుంది, కంచె మీదుగా పొలం కనిపిస్తుంది, సొంతంగా విప్పలేని నట్టు బండిలో ఒక్కటీ ఉండదు. పానాలు మాత్రం విట్‌వర్త్, బీఎస్‌ఎఫ్ అనే పాత బ్రిటిష్ కొలతలవే వాడాలి. మెట్రిక్ పానా దాదాపు సరిపోయినట్టే ఉండి నట్టు మూలలు కొరికేస్తుంది.

పెట్రోలు సంగతి: 2021 నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపినది. టంకం వేసిన పాత ట్యాంకుకు, కార్క్ సీళ్ళకు అందులోని ఇథనాల్ పడదు. సూపర్ గ్రేడ్ ఈ5 పోయాలి, బండి నెలల తరబడి నిలిపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలి. రేడియేటరులో నీటి మట్టం పై గొట్టం నోటికి పైనే ఉండాలి. అది తేలితే థర్మోసైఫన్ తెగిపోతుంది, పంపు లేదు కాబట్టి వెంటనే మరుగుతుంది.

యజమానికి అప్పగించేటప్పుడు రాసిచ్చిన పనుల పట్టీ చిన్నదే. మొదటి వంద మైళ్ళ తర్వాత సిలిండర్ హెడ్ నట్లు చల్లటి ఇంజన్ మీద మళ్ళీ బిగించాలి, టాపెట్ల ఖాళీ 4 థౌలకు సరిచూడాలి. కొత్త బ్రేకు కేబుళ్ళు సాగుతాయి, వాటి ఖాళీ చూసుకోవాలి. అన్నిటికంటే ముందు వెనక హబ్ నట్లు. హబ్ కూడా ఫ్లైవీల్ లాగే టేపరు మీద కీతో నిలుస్తుంది. నట్టు కొంచెం వదులైనా బరువంతా కీ మీద పడి, హాఫ్ షాఫ్టు ఆ గాడి దగ్గరే తెగుతుంది. కాబట్టి చక్రం తీసిన ప్రతిసారీ ఆ నట్టును పొడవాటి బారుతో పరీక్షించాకే స్ప్లిట్ పిన్ మడవాలి.